పాదాల పీట

పన్నెండు రోజులకోసారి తవిటినాయుడికి సొంత ఇంట్లో ప్రవేశం ఉండేది కాదు.

ఆ రోజు ఆయన కంచం వీధి అరుగు మీదికే వచ్చేది. మంచమూ అక్కడే. మొగుడూ పెళ్ళాలకి పడలేదేమో అనుకుని వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు జాలిపడేవారు. పాతవాళ్ళకి సంగతి తెలుసు. మర్నాడు పొద్దున దోమల పరిశోధనశాలలో ఆయన పాదాలతో పని ఉంటుంది. ఆ పనికి ముందు ఒక పగలూ ఒక రాత్రీ ఆ పాదాలకి నీళ్ళు తగలకూడదు. కాళ్ళు కడుక్కోని మనిషిని ఆయన భార్య అసిరమ్మ గడప దాటనివ్వదు. కట్టుకున్నవాడైనా సరే, కలెక్టరైనా సరే.

కలెక్టరన్న మాట ఊరికే అనలేదు. తవిటినాయుడు మలేరియా ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు ఇన్సెక్ట్ కలెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం ఏమిటంటే, పాడేరు కొండల్లో ఊరూరా తిరిగి, చీకటి పడే వేళకి ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి కదలకుండా కూర్చోవడం. కాలి మీద దోమ వాలగానే, అది కుట్టేలోపు, గాజు గొట్టం ఆనించి నోటితో పీల్చి పట్టడం. పట్టిన దోమల్ని బట్టి ఆ ఊరికి మలేరియా ముప్పు ఎంతుందో ఆఫీసు తేల్చేది. "మా వంశంలోనూ ఒక కలెక్టరున్నాడు, దోమలకి" అని చుట్టాలు పెళ్ళిళ్ళలో ఏడిపించేవారు. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. "దోమల ఉప్పు తిన్నవాణ్ణి. నన్నేటైనా అనండి, వాటిననకండి" అని తిరిగి నవ్వించేవాడు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, విశాఖలోనే ఒక పరిశోధనశాలలో దోమల పెంపకం చూసుకునే పనికి చేరాడు. అక్కడ డాక్టర్ హేమనళిని ఒక వింత పీట తయారు చేస్తోంది. మలేరియా పురుగు ఒంట్లో చేరితే మనిషి పాదాల వాసన మారుతుంది. జ్వరం రాకముందే మారుతుంది. ఆ తేడా మన ముక్కుకి తెలియదు, దోమ మీసాలకి తెలుస్తుంది. ఆవిడ దోమ లేకుండా వట్టి దోమ మీసాల్ని, వాటి వెనకుండే నాలుగు నరాల కణాలతో సహా, గాజు పలక మీద నారు పోసినట్టు మొలిపించింది. ఆ పలకని చెక్క పీట లోపల అమర్చింది. మనిషి వట్టి కాళ్ళతో పీట ఎక్కి నిలబడితే చాలు. రోగం ఉంటే గంట మోగుతుంది, లేకపోతే పచ్చదీపం వెలుగుతుంది.

పీట పూర్తయిన రోజున, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరైనా ఎక్కి చూపించండి అన్నారు. తలనొప్పి కూడా ఎరగని తవిటినాయుడు చెప్పులు విడిచి దర్జాగా ఎక్కాడు. గంట మోగింది. దిగాడు, ఆగింది. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ మోగింది.

"నీ మిషనుకి నన్ను సూస్తే బయమనుకుంటానమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ మూడు రోజులు పీట విప్పి లోపం వెతికింది. నాలుగో రోజు అనుమానం వచ్చి ఆయన రక్తం తీయించింది. లోపం పీటలో లేదు. కొండల్లో ఎప్పుడో ఏ దోమో ఇచ్చిన పురుగు, జ్వరం పేరెత్తకుండా, ఇరవై ఏళ్ళుగా ఆయన రక్తంలో అద్దె కట్టకుండా కాపురం ఉంటోంది. అలా నిదానంగా బతికే రకం మలేరియా ఒకటుంది.

మూడు రోజులు మాత్రలు మింగితే పోయేదే. ఆయన మింగలేదు.

ఎందుకంటే ఆ మీసాలు పన్నెండు రోజులకి మించి బతకవు. కొత్తగా మొలిచినవాటికి మొదటి గంటలోనే రోగి పాదాల వాసన చూపించి, ఇదొస్తేనే మోగాలి అని నేర్పాలి. సీసాల్లో కలిపిన వాసనలకి అవి మోసపోవు. రోగి పాదాల వాసన పట్టి ఉంచుతాయేమోనని దూది, నూలుగుడ్డ, ప్లాస్టిక్ అన్నీ పెట్టి చూశారు, వాసన నిలవలేదు. మొదటి పలకకి ఆస్పత్రికి అప్పుడే వచ్చిన రోగి ఒకడు దొరికాడు. ప్రతిసారీ రోగిని మందివ్వకుండా అలా ఆపి ఉంచడం పాపం. తనంతట తాను పాఠం చెప్తానని నిలబడ్డ మనిషి ఈయనొక్కడే. "ఇరవయ్యేళ్ళు ఊరికే తిని కూర్చున్నాదిది. ఇప్పుడు దీని సేత పని సేయిస్తాను" అన్నాడు పురుగు గురించి. పరిశోధనశాల పెద్దల కమిటీ తర్జనభర్జన పడి, మూడు నెలలకోసారి పరీక్షకి మూత్రం ఇవ్వాలన్న షరతు మీద సరేనంది. ఆ రకం పురుగు చాలాకాలం ఉంటే దెబ్బతినేవి మూత్రపిండాలే.

అసిరమ్మ సరేనన్న కారణం వేరు. ఆమె తమ్ముడు లోకనాథం పద్నాలుగేళ్ళ కిందట ఆఫ్రికాలో ఓడరేవు పనికి వెళ్ళి, రెండేళ్ళకి తిరిగొచ్చాడు. విమానం దిగి నేరుగా అక్కని చూడ్డానికే వచ్చాడు. మర్నాడు జ్వరం. టైఫాయిడన్నారు. ఐదు రోజులు టైఫాయిడ్ మందే పడింది. ఆరో రోజు రోగం మెదడుకెక్కింది, ఏడో రోజు మనిషి లేడు. ఊరందరి కోసం దోమలు పట్టే బావ ఆ వారమంతా కొండల్లో గొట్టం పట్టుకు కూర్చున్నాడు. కబురందేసరికి అంతా అయిపోయింది. అప్పటినుంచే అసిరమ్మకి ఈ కాళ్ళు కడిగించే పట్టింపు పట్టుకుంది. ఎవరొచ్చినా చెంబు పుచ్చుకుని తనే ఎదురొచ్చి నీళ్ళు పోసేది, పోస్తూ పాదాన్ని ఓసారి తాకేది. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

లోకనాథం లాంటివాళ్ళు ఒకరా ఇద్దరా. వెల్డింగు పనికీ, ఓడల పనికీ, బోర్లు తవ్వే పనికీ వెళ్ళి తిరిగొచ్చే మనుషులతో పండగ రోజుల్లో పెద్దాసుపత్రి జ్వరాల వార్డు నిండిపోయేది. మంచానికి ఇద్దరు, కింద చాపల మీద ఇంకొందరు. ముదరబెట్టుకుని వచ్చినవాళ్ళకి కిడ్నీ మిషను పెట్టాలి, ఊపిరి గొట్టం వెయ్యాలి, ఒక్క మనిషి చుట్టూ ముగ్గురు నర్సులు నిలబడాలి. పాము కరిచో కాలు విరిగో వచ్చినవాళ్ళు అంతసేపూ గుమ్మంలో కూర్చోవాలి. పీట వచ్చిన ఈ రెండేళ్ళలో మూడు వందల మంది పైచిలుకు జ్వరం రాకముందే దొరికిపోయి, మాత్రలు మింగి ఇంటికెళ్ళారు. వార్డులో కిటికీ పక్క మంచాలు ఖాళీగా ఉంటున్నాయని పెద్ద సిస్టరు ఫోను చేసి చెప్పిన రోజున తవిటినాయుడు ఆ సంగతి వీధిలో ప్రతివాడికీ రెండేసిసార్లు చెప్పాడు. తన ఒంట్లోని పాడు పురుగు ఇంతమందికి అక్కరకొచ్చిందంటే, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక చేతులు రెండూ గాల్లోకే జోడించేవాడు.

ఇన్ని చెప్పినవాడు ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన కాళ్ళు వాస్తున్నాయి.

పరిశోధనశాలలో పాఠం చెప్పేటప్పుడు పాదాలు ఎక్కడ ఆనించాలో మొదటి రోజునే పలక చుట్టూ ఎర్ర గీత గీసి పెట్టారు. ఆరు నెలలుగా పాదాలు ఆ గీత దాటుతున్నాయి. ఆయన వేళ్ళు ముడుచుకుని నిలబడేవాడు. చెప్పులు రెండు సైజులు పెంచాడు. అసిరమ్మ అడిగితే వయసన్నాడు. మూత్రం సీసా సంగతైతే చెప్పడానికే సిగ్గు. గత రెండుసార్లు పరీక్షకి ఇచ్చింది పక్కింటి తాపీమేస్త్రీది. మేస్త్రీ మూత్రపిండాలు బ్రహ్మాండంగా ఉన్నాయని డాక్టరమ్మ సంతోషించింది.

దసరాకీ దీపావళికీ మధ్య విమానాల నిండా వచ్చేది పనివాళ్ళే. ఈ ఒక్క నెలా గడవనిచ్చి మందు మింగుదాం అనుకున్నాడు. పోయినేడాది కూడా అలాగే అనుకున్నాడు.

* * *

పీట ఉండేది తీరం వెంబడి కొత్తగా కట్టిన విమానాశ్రయంలో, దిగినవాళ్ళు బయటికొచ్చే దారిలో ఒక చిన్న గదిలో. దాన్ని చూసుకునే ఆయా పేరు వరహాలమ్మ. యాభై ఏళ్ళ మనిషి, పీటంటే ప్రాణం. ఆమె అల్లుణ్ణి బతికించింది ఆ పీటే.

ఆయుధపూజ రోజు వచ్చింది. మోటారు సైకిళ్ళకీ కుట్టు మిషన్లకీ చేసే పూజ ఇంత గొప్ప పీటకి చెయ్యకపోతే ఎలా? వరహాలమ్మ తెల్లారకుండానే వచ్చి పీటకి కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టింది. అంతవరకూ బాగానే ఉంది. పూజ చేసిన పీటని జనం మురికి కాళ్ళతో ఎక్కుతారంటే ఆమెకి మనసొప్పలేదు. తలుపు దగ్గర తొట్టె నిండా పసుపు నీళ్ళు పోసి, చెంబూ సబ్బూ పెట్టి, తుడుచుకోవడానికి కొత్త గోనెపట్టా పరిచింది. పొద్దుటి విమానంలో దిగిన ఇరవై ఆరుగురూ శుభ్రంగా కాళ్ళు కడుక్కుని, గోనె మీద తుడుచుకుని, పీటకి దణ్ణం పెట్టి మరీ ఎక్కారు. ఇరవై ఆరుసార్లూ పచ్చదీపమే వెలిగింది.

మర్నాడు కొత్త మీసాలకి పాఠం. పాత పలక ఎలా ఉందో చూసి రమ్మని డాక్టరమ్మ పంపితే తవిటినాయుడు ఆ పూటే పదకొండింటికి ఆ గదికొచ్చాడు. వరహాలమ్మ ఆయన చేతిలో కొబ్బరిముక్క పెట్టి, పీట మీద రాలిన కుంకుమ తుడుద్దామని తడి గోనెపట్టా తీసి దాని మీద వేసింది.

గంట మోగింది.

"ఓలమ్మో! పూజలో ఏటి తప్పు సేసినానో" అని ఆమె వెనక్కి గెంతింది.

తవిటినాయుడు గోనె తీశాడు. గంట ఆగింది. వేశాడు, మోగింది.

"ఈ గోనె ఎక్కడిది వరహాలమ్మా?"

"మా ఇంట్లోదే అన్నయ్యా. కొత్తది, ఉల్లిపాయలు కూడా పోయనేదు. కాళ్ళు తుడుసుకోడానికి ఏసినాను."

"ఎవులు తుడుసుకున్నారు?"

"అందరూను. కడుక్కున్నాక తుడుసుకోరేటి?"

అప్పుడు ఆయన తొట్టె చూశాడు, సబ్బు చూశాడు. కొబ్బరిముక్క నోట్లోనే ఉండిపోయింది. రెండేళ్ళుగా తను అరుగు మీద పడుకుంటున్నది ఎందుకో ఈమెకి ఎవరూ చెప్పలేదు. జనాన్ని ఎక్కించడం నేర్పారు, దీపం చూడ్డం నేర్పారు. కాళ్ళు కడిగించకూడదని చెప్పాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? నిన్నటిదాకా కడుక్కోమన్నవాళ్ళూ లేరు, కడుక్కున్నవాళ్ళూ లేరు.

"కడిగేస్తే వాసన పోద్ది చెల్లీ. ఆ ఇరవై ఆరుగురిలో ఒకడు రోగంతోటే ఇంటికెల్లిపోనాడు."

వరహాలమ్మ ఉన్నచోటే కూలబడి తల బాదుకుంది. "నా చేతుల్తో నానే పంపేసినాను. నా అల్లుణ్ణి బతికించిన పీటకి ఇదా నాను సేసింది!"

"ఏడవకు. ఆ గోనె నువ్వు పీట మీద ఎయ్యకపోతే ఈ సంగతీ తెలిసేది కాదు. నీ వల్లే తెలిసింది, నీ పుణ్యమే అనుకో. లే, వాళ్ళ కాగితాలు తీయి."

ఆయన ఆ మాట ఓదార్పుకి అనలేదు, నిజంగానే అన్నాడు. డాక్టర్ హేమనళిని వచ్చింది. ముగ్గురూ కూర్చుని ఫోన్లు చేశారు. మూడు గంటలయ్యేసరికి ఇరవై ఐదుగురు ఎక్కడివాళ్ళక్కడే రక్తపరీక్ష చేయించుకున్నారు. ఎవరికీ ఏమీ లేదు. ఇరవై ఆరో మనిషి కాగితం మీద రాసిన నంబరు ఆఫ్రికాది, ఇక్కడ పలకడం లేదు. పేరు ఢిల్లీశ్వరరావు, వెల్డరు. ఊరు సోంపేట అవతల జీడివలస.

"నేను వెళ్తాను. మీరు ఇంటికెళ్ళి పడుకోండి నాయుడుగారూ, రేపు పాఠం ఉంది" అంది డాక్టరమ్మ కారు తాళం తీస్తూ.

తవిటినాయుడు అప్పటికే ముందు సీట్లో కూర్చున్నాడు. లోకనాథం మంచం పట్టినప్పుడు తను ఎక్కడున్నాడో ఆయన దారిపొడుగునా తలచుకుంటూనే ఉన్నాడు.

* * *

జీడివలస చేరేసరికి పొద్దు వాలుతోంది. ఢిల్లీశ్వరరావు వాకిట్లో నవారు మంచం మీద కూర్చుని, చుట్టూ చేరిన చుట్టాలకి సబ్బులూ టార్చిలైట్లూ పంచుతున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. కారు చూడగానే మొహం మాడిపోయింది.

"సామాన్లో ఏటైనా తప్పొచ్చిందా సార్? రసీదులన్నీ ఉన్నాయి."

"సామాన్లో కాదు బాబూ. జ్వరమేమైనా ఉందా నీకు?" అంది డాక్టరమ్మ.

"జరమా? నాకా? బండరాయిలా ఉన్నాను." అని నవ్వాడు. "కాస్త తలపోటు, ఒళ్ళు నొప్పులు. రెండు విమానాలు మారి వచ్చినాను మరి. మా ఊరి ఆర్ఎంపీ సూదేసినాడు. ఎందుకైనా మంచిది, టైఫాయిడ్ మందు కూడా వాడమన్నాడు."

టైఫాయిడన్న మాట వినగానే తవిటినాయుడు చుట్టాల్ని పక్కకి జరిపాడు. ముందుకొచ్చి ఆ మనిషి చెయ్యి పట్టుకున్నాడు.

"నా బావమరిది కూడా ఇలాగే నవ్వుతూ దిగినాడు నాయనా. ఇదే మాటన్నారు, ఇదే మందేసినారు. వారం తిరక్కుండా మోసుకెల్లినారు. ఒక్క సుక్క రక్తం ఇయ్యి. నేదంటే మా ఇద్దరినీ తిట్టుకో, పడతాం."

ఢిల్లీశ్వరరావు నవ్వు ఆపి వేలు చాపాడు. డాక్టరమ్మ ఆ చుక్కని పరీక్ష పట్టీ మీద వేసి పదిహేను నిమిషాలు ఆగింది. పట్టీ మీద రెండో గీత కూడా పడింది. మలేరియాయే, అదీ ప్రాణాలు తీసే రకమే. ఇంకా మెదడు జోలికి పోలేదు. డాక్టరమ్మ అక్కడికక్కడే మొదటి మోతాదు మింగించి, పెద్దాసుపత్రికి ఫోను చేసి మంచం సిద్ధం చేయమంది. కిటికీ పక్క మంచం ఖాళీగా ఉందని అవతల సిస్టరు చెప్పింది.

ఢిల్లీశ్వరరావు తల్లి సూరమ్మ అంతసేపూ స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. మందు కొడుకు గొంతు దిగాక కదిలి, చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"దేవుళ్ళా వచ్చినారు. కాళ్ళు కడుక్కుని లోపలికి రా నాయనా, నాలుగు మెతుకులు తిని ఎల్లు."

"వద్దమ్మా. నాను కడుక్కోకూడదు, రేపు పనున్నాది."

"కడుక్కోకూడని కాళ్ళేటి?" అని ఆమె కిందికి చూసింది. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి. సూరమ్మ చెంబు పక్కన పెట్టి, ఆయన వద్దంటున్నా వినకుండా గొంతుక్కూర్చుని, బొటనవేలితో పాదం మీద గట్టిగా నొక్కింది. వేలు తీసింది. గుంత పడింది. అది నిండలేదు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?"

"వయసమ్మా."

"వయసు కాదు. మా మావకి ఇలాగే మొదలైనాది, మా తోడికోడలికీ ఇలాగే. ఈ సుట్టుపక్కల ఇంటికొకరికి ఉన్నాది, ఏ ఆడదాన్నడిగినా సెప్తాది, ఇది కిడ్నీ నీరు." ఆమె లేచి డాక్టరమ్మ వైపు తిరిగింది. "నా కొడుకు ఏలు గుచ్చి సూసినారు కదమ్మా. మరి ఈ బాబుని ఎవులూ సూడరా?"

డాక్టర్ హేమనళిని వంగి తనే నొక్కి చూసింది. పైకి లేచేసరికి మొహం పాలిపోయింది.

"పోయిన నెల మీ రిపోర్టు శుభ్రంగా ఉంది. ఆ సీసా ఎవరిది నాయుడుగారూ?"

తవిటినాయుడు నేల చూపులు చూశాడు. "పక్కింటి మేస్త్రీదమ్మా."

"అంతకుముందుది?"

"అదీ ఆడిదే."

ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "మూడొందల మందిని కాపాడుకున్నామని సంతోషపడుతున్నాను. ఎదురుగా రోజూ కనిపించే మనిషిని చూసుకోలేకపోయాను. ఇవాళే మాత్రలు మొదలుపెట్టాలి."

"మరి రేపు పాఠం ఎవులు సెప్తారమ్మా? దీపావళి దాకా విమానాలన్నీ నిండుగా వస్తాయి. పీట మూగపోతే ఎంతమంది లోకనాథాలు..." ఆయన చేతులు జోడించాడు. "నన్ను ఈ నెల ఒక్కటీ వదిలెయ్యి."

డాక్టరమ్మ కారు దగ్గరికి నడిచింది. కారు వెనక సీటు మీద ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చిన గోనెపట్టా వైపు చూస్తోంది. పొద్దుట ఏడింటికి తుడుచుకున్న కాళ్ళు. పదకొండింటికి కూడా గంట మోగింది. నూలుగుడ్డ మీద ఒక్క గంట నిలవని వాసన దీని మీద నాలుగు గంటలు ఎలా నిలిచింది?

"వరహాలమ్మ నీళ్ళలో ఏం కలిపిందన్నారు?"

"పసుపు."

* * *

మర్నాడు పొద్దున పరిశోధనశాల తలుపు దగ్గరే డాక్టరమ్మ చెయ్యడ్డం పెట్టింది.

"మీ పాదాలు ఇవాళ ఈ గడప దాటకూడదు."

"ఇంటికాడ ఒకర్తి సాలదా?" అన్నాడు తవిటినాయుడు. కానీ ఆగాడు.

అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. అప్పుడే మొలిచిన మీసాల పలక మీద ఎర్ర గీతల మధ్య, తన పాదాలుండాల్సిన చోట, ఆవిడ వరహాలమ్మ గోనెని పరిచింది. గంటసేపు అలాగే ఉంచింది. ఆ గంటా ఆయనకి కాలు నిలవలేదు. జనపనారకి పసుపు పట్టుకుంటే వాసన దానిలో చిక్కడిపోతుందని ఆవిడ లెక్క. లెక్క తప్పితే పన్నెండు రోజులు పీట పనిచెయ్యదు. ఆయన తన పాదాల వంక చూసుకుని, అవసరమైతే ఇంకా ఉన్నాం అన్నట్టు వేళ్ళు కదిలించాడు.

గంట గడిచింది. పలకని కొత్త పీటలో బిగించారు. ముందు డాక్టరమ్మ తను ఎక్కింది. పచ్చదీపం. లాబ్‌లో మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఎక్కారు. అందరికీ పచ్చదీపమే. పాఠం ఒంటబట్టకపోయినా పచ్చదీపమే వెలుగుతుంది కాబట్టి ఎవరి మొహంలోనూ సంతోషం లేదు.

"ఇప్పుడు మీరు రండి నాయుడుగారూ. పాఠం చెప్పడానికి కాదు, పరీక్షకి."

ఆయన చెప్పులు విడిచి పీట ఎక్కాడు. ఈసారి వేళ్ళు ముడుచుకోలేదు. వాచిన పాదాలు రెండూ నిండుగా ఆనించి నిలబడ్డాడు.

గంట మోగింది.

గది మొత్తం చప్పట్లు కొట్టింది. రోగం బయటపడినందుకు ఒక మనిషికి అందరూ చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఎక్కడో జీడివలస వెల్డరు తుడుచుకున్న గోనె నేర్పిన పాఠంతో ఆ మీసాలు ఈయన పాదాల్ని పట్టేశాయి.

"పీట మోగిన మనిషిని మందు మింగకుండా బయటికి పంపకూడదని నియమం పెట్టించింది ఎవరు?" అంది డాక్టరమ్మ.

"నానేనమ్మా."

ఆవిడ మాత్రలూ మంచినీళ్ళూ చేతికిచ్చింది. తవిటినాయుడు మాత్రలవైపు కాసేపు చూశాడు. ఇరవై ఏళ్ళ పొత్తు. రెండేళ్ళు కష్టపడి పనిచేసింది కూడాను. "మంచిదే, ఇక సెలవు" అని మనసులో అనుకుని, మింగేశాడు.

* * *

ఆ నెలలో చాలా మార్పులొచ్చాయి. విమానాశ్రయంలో తొట్టె తీసెయ్యలేదు, పీట దాటాక ఉండేట్టు జరిపారు. దిగినవాళ్ళు ముందు పీట ఎక్కుతారు, తరవాత పసుపు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని గోనె మీద తుడుచుకుంటారు. గంట మోగినవాళ్ళకి కొత్త గోనె వేస్తారు. దాన్ని మూత బిగించిన డబ్బాలో పెట్టి పాఠానికి పంపడం వరహాలమ్మ పని. ఎవరడిగినా అడక్కపోయినా, ఇది తన పొరపాటు వల్ల తెలిసిందని ఆమే ముందు చెప్పేస్తుంది.

తవిటినాయుడు మళ్ళీ పీట ఎక్కితే పచ్చదీపం వెలిగింది. కాళ్ళ వాపు చాలావరకు తీసింది. మూత్రపిండాలకి పట్టిన దెబ్బ మాత్రం పూర్తిగా మానదన్నారు. బతికినన్నాళ్ళూ ఉప్పు తగ్గించుకోవాలి, మందులు వాడాలి. ఆరు నెలలు ముందే చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. "మా మేస్త్రీవి బాగున్నాయి కదా, ఇద్దరికీ సరిపెట్టుకుంటాం" అన్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. కాసేపయ్యాక నవ్వింది.

ఒక ఆదివారం ఢిల్లీశ్వరరావు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. సూరమ్మ జీడిపప్పు మూట అసిరమ్మ చేతికిచ్చింది. కొడుకు రిక్షా మీంచి ఒక ఇనప పీట దించాడు. తనే కోసి, వెల్డింగు చేసి, నీలం రంగు వేసి తెచ్చాడు. దాన్ని వీధి కొళాయి పక్కన నేలలో పాతి బిగించాడు.

"ఇక్కడ కూకుని కాళ్ళు కడుక్కో బాబాయ్. మా అమ్మ సెప్పినాది, నీకు ఒంగితే ఆయాసమొస్తాదంట" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక సాయంత్రం తవిటినాయుడు బజారు నుంచి వచ్చి ఆ పీట మీద కూర్చున్నాడు. అది పన్నెండో రోజు. మామూలుగా అయితే అరుగు మీదికి కంచం రావాల్సిన రోజు. కొళాయి తిప్పబోతుంటే అసిరమ్మ చెంబుతో వచ్చింది.

"ఉండు. నాను పోస్తాను."

ఆమె నీళ్ళు పోస్తూ వంగి ఆయన పాదం మీద చెయ్యి వేసింది. ఎప్పట్లా వెంటనే తియ్యలేదు.

"మా లోకనాథం వచ్చిన రోజున ఇక్కడే నిలబెట్టి కాళ్ళకి నీళ్ళు పోసినాను" అంది. "నిప్పుల్లా ఉన్నాయి పాదాలు. ఎండలో నడిసొచ్చినాడు కదా, అందుకనుకున్నాను. తుడిసి లోపలికి తీసుకెల్లి అన్నం పెట్టినాను. అప్పట్నుంచి ఈ గుమ్మంలోకి ఎవులొచ్చినా పాదాల ఏడి సూడందే నా సెయ్యి ఊరుకోదు."

పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి, తను గాజు పలకలతో వెతికిందాన్ని ఈమె చెంబు పట్టుకుని గడప దగ్గర వెతుకుతోందని తవిటినాయుడికి ఇప్పుడు తెలిసింది. ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు. ఈమెకి ఎంత రుణపడ్డాడో చెప్పాలనిపించింది.

అసిరమ్మ రెండో పాదం కూడా పట్టి చూసింది.

"సల్లగా ఉన్నాయి" అంది. "మడమలు బాగా రుద్దుకుని లోపలికి రా. అన్నం సల్లారిపోతున్నాది."

ఆయన మడమలు రుద్దుకుని, తుడుచుకుని, గడప దాటి లోపలికెళ్ళాడు. కూరలో ఉప్పు లేదు. వంక పెట్టకుండా రెండోసారి వడ్డించుకుని తిన్నాడు.